ముట్టు కాని ముట్టు

"ఆ గోలీలు తీస్కపోయి మోరీల పారెయ్యి."

"పారెయ్య, అత్తమ్మా."

"పారెయ్యవా? మరి గీ కాయలన్ని ఏం జెయ్యాలె? నా నెత్తికి కొట్టుకోవాల్నా?"

"కాయలకు గోలీలకు ఏం సంబంధం?"

"సంబంధం లేదా! గోలి మార్చినప్పటి సంది సగం దినాలు నువ్వు బయటనే ఉంటున్నవు. రేపు కాయ కొట్టియ్యకపోతే మెత్తవడ్తది. మెత్తవడ్డంక తొక్కు పెడితే ఎవలు తింటరు? బర్రెలకు ఎయ్యాల్నా?"

"ఈ ఒక్క ఏడు దుకాణంల కొనుక్కుందం."

"కొనుక్కుందమా? మా అవ్వ ఇంట్ల గాని, నా ఇంట్ల గాని తొక్కు కొన్న పాపాన పోలే."

"గట్లయితే నన్నే కలపనియ్యిర్రి."

"ముట్టుల ఉండి తొక్కు కలుపుతవా? రేపు జాడీల బూజొస్తే నువ్వు తీస్తవా?"

"అయితే మీరే కలుపుర్రి."

"నా చెయ్యి సంగతి నీకెర్క లేదా? గందుకే అంటున్న, గోలి బంద్ పెట్టు. మరకలు ఆగుతయి. తొక్కు అయినంక మళ్ల ఏసుకో."

"నడుమ బంద్ పెడితే రక్తం ఆగదు, అత్తమ్మా, ఇంక ఎక్కువొస్తది. అదొక్కటే గాదు. నెల తప్పిందనుకోర్రి, అప్పుడు పరీక్షలు మీరు రాస్తరా? మొదటిసారి గిట్లనే సదువు పోయింది. ఈసారి పోనియ్య."

ఇదంతా జనగామలో, మా ముందరి గదిలో జరిగింది. నేను వంటింటి గడప పక్కన ఇనుప కుర్చీలో కూర్చున్నాను. నా కోడలు కిటికీ కింద చాప మీద కూర్చుంది. మా ఇద్దరి మధ్య గోనెపట్టా మీద మామిడికాయలు పరిచి ఉన్నాయి. వాటిని కోడలి నాయిన కొత్తగూడ నుంచి బస్సులో వేసి పంపాడు. ఆయన ప్రతి ఎండాకాలం పంపుతాడు. నేను ప్రతి ఎండాకాలం మూడు ఇళ్ళకు తొక్కు పెడతాను. మాకు ఒక జాడీ, భూపాలపల్లిలో గది తీసుకొని బొగ్గు గనిలో కాంట్రాక్టు పని చేసే నా కొడుక్కి ఒక జాడీ, కాయలు పంపిన వియ్యంకులకు ఒక జాడీ. మా వైపు మందు మాత్రను గోలి అన్నట్టే, ఊరగాయను తొక్కు అనే అంటారు. అది లేని అన్నం మా ఇంట్లో అన్నం కింద లెక్క కాదు.

నా కుడి మణికట్టు కిందటి వానాకాలంలో విరిగింది. అతుక్కుంది గానీ బలం రాలేదు. అన్నం కలుపుకోగలను గానీ పెద్ద గిన్నెలో ముక్కలూ కారం కలిపి కింది నుంచి పైకి తిప్పడం ఈ చేత్తో అయ్యే పని కాదు. కలపాల్సింది కోడలే. ఆ కోడలు చాప మీద ఉంది.

మా ఇంట్లో ముట్టయిన మనిషి వంటింట్లోకి రాదు, తొక్కు జాడీని తాకదు. ఇది మా అత్త నాకు పెట్టిన నియమం. నేను నా కోడలికి పెట్టాను. ఈ కాలంలో ఇవన్నీ ఎవరు పాటిస్తున్నారని మా వాడకట్టులో చాలామంది అడిగారు. మేము పాటిస్తున్నాము. నెలకు నాలుగు దినాలు ఒక మనిషి పక్కకు కూర్చుంటే కొంపలేమీ మునగవని నా ఉద్దేశం. గోలి మారేదాకా నిజంగానే మునగలేదు.

కోడలు పెండ్లికి ముందు మహబూబాబాద్‌లో హాస్టల్లో ఉండి ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చదివేది. రక్తం తీసి గాజు పలక మీద పెట్టి మిషన్లో చూసే చదువు. పెండ్లయింది, నెల తప్పింది, చదువు సగంలో ఆగింది. పిల్ల పుట్టి, నడిచి, మాటలు నేర్చి, అంగన్‌వాడీకి పోయే వయసు వచ్చాక కోడలు జనగామలోనే మళ్ళీ మొదటి నుంచి చేరింది. చేరే ముందు నా దగ్గరికి వచ్చి నిలబడింది.

"అత్తమ్మా, కోర్సయ్యేదాక ఇంకో పిల్ల ఒద్దనుకుంటున్నం. గోలీలు ఏసుకుంట. మీకు చెప్పకుంట ఏసుకునుడు నాకిష్టం లేదు."

నేను సరేనన్నాను. ఫీజు కట్టిన చదువును సగంలో వదిలేయడమంటే నాకు పొయ్యి మీది పాలు కళ్ళ ముందే పొంగిపోయినట్టు ఉంటుంది. అదీగాక నా చదువు నాలుగో తరగతిలో ఆగింది. తమ్ముడు పుట్టాడు, ఎత్తుకోవడానికి మనిషి కావాలి, నన్ను బడి మాన్పించారు. నన్నెవరూ అడగలేదు. ఈ పిల్ల వచ్చి నాతో చెప్పింది కదా అని నాకు లోపల కాస్త గౌరవం కలిగింది. బయటికి మాత్రం, "గోలీలు యాడికి బడితె ఆడ పెట్టకు, పిల్ల నోట్ల ఏసుకుంటది" అని మాత్రమే అన్నాను.

మొదటి గోలితో బాగానే గడిచింది, ఒక్క తలనొప్పి తప్ప. ఆ తలనొప్పి పెరుగుతూ పోతే సర్కారు దవాఖానలో డాక్టరమ్మ బీపీ చూసి గోలి మార్చింది.

"పవరు తక్కువది రాసింది, అత్తమ్మా" అని కోడలు వచ్చి చెప్పింది.

"పవరు తక్కువైతే పనెట్ల జేస్తది? రెండేసుకోవాల్నా?"

"రెండొద్దు, ఒకటే."

"మరి ధర తక్కువనా?"

"లేదు. జర ఎక్కువనే."

ఆ గోలి మీద నాకు అక్కడే నమ్మకం పోయింది.

వేసుకోవడం మొదలుపెట్టిన కొద్ది దినాలకే పొద్దున పళ్ళు తోముకుంటూ ఓకరించడం మొదలైంది. చాయ్ వాసన పడలేదు. నేను పప్పుకు పోపు పెడితే కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకొని వాకిట్లోకి పోయేది. ఇలాంటివి నేను చూడనివి కావు. ఎవరితోనూ అనకుండా చింతకాయ పచ్చడి కొంచెం విడిగా తీసి పెట్టాను. రెండు దినాలు ఆగి అడిగాను.

"ఎన్నో నెల?"

"ఎన్నో నెల గాదు, అత్తమ్మా. గోలి మారింది గద, కడుపుల తిప్పుతుంది."

"కడుపు రాకుంట ఏసుకునే గోలికి, కడుపొచ్చినట్టు వాంతులెందుకైతయి?"

కోడలు మరునాడు పరీక్ష చేసే పట్టీ ఒకటి తెచ్చి, చేసి, నా ముందు పెట్టింది. "ఒక గీత ఉంటే లేనట్టు. రెండుంటే ఉన్నట్టు" అంది. నేను కళ్ళద్దాలు పెట్టుకొని, వెలుతురులోకి తీసుకుపోయి, తిప్పి తిప్పి చూశాను. ఒక్క గీతే ఉంది. విడిగా తీసిన చింతకాయ పచ్చడిని మళ్ళీ జాడీలో కలిపేశాను.

వాంతులతో ఆగలేదు. రొమ్ములు నొప్పి. మనవరాలు ఎప్పటిలాగా ఉరికొచ్చి మీద పడితే కెవ్వుమని అరిచింది. పిల్ల బెదిరి నా వెనక దాక్కుంది. ఒకనాడు కాలేజీకి పోయే ఆటో తప్పిపోయిందని గుమ్మంలో కూర్చొని వెక్కి వెక్కి ఏడ్చింది. జనగామలో ఒక ఆటో పోతే దాని వెనకే ఇంకోటి వస్తుందని ఆమెకు తెలియదా?

"గింతదానికి ఏడుస్తరా?" అన్నాను.

"ఎందుకేడుస్తున్ననో నాకే తెల్వది, అత్తమ్మా. మీరు జరసేపు ఏమనకుర్రి."

జరసేపు ఏమనకుండా ఉన్నాను. అది నాకు ఎంత కష్టమో మా ఇంట్లో వాళ్ళకు తెలుసు.

ఇవన్నీ భరించవచ్చు. అసలు పరేషాన్ మరకలతో వచ్చింది. నెల చివర రావాల్సినది నెల నడుమ వచ్చింది. వచ్చి నాలుగు దినాలుండి పోయినా ఒక పద్ధతిగా ఉండేది. ఇది ఒకనాడు కనిపిస్తుంది, మరునాడు ఉండదు, మూడోనాడు మళ్ళీ చుక్కంత కనిపిస్తుంది. ఆమె తలకు పోసుకొని వంటింట్లోకి వస్తుంది. బియ్యం కడిగి పొయ్యి మీద పెడుతుంది. అన్నం ఉడుకు పట్టేలోపు "అత్తమ్మా, మళ్లయింది" అని గడప దాటి పోతుంది. ఒకసారి చపాతీ పిండి చేతులతోనే పోయింది. సగం ఉడికిన అన్నాలు, సగం తరిగిన కూరలు, సగం పిసికిన పిండి అన్నీ నా ఒక్క చేతి మీద పడ్డాయి.

కూర్చున్నది ఆమె, శిక్ష పడింది నాకు. ఆమె చాప కూలరు ముందుంది. నేను ఒక్కదాన్నే ఉన్నప్పుడు కూలరు వేయను, కరెంటు ఊరికే రాదు. ఆమె పక్కన పిల్ల కూడా పడుకుంటుంది కాబట్టి వేయక తప్పలేదు. ఆమె చల్లగా కూర్చొని పుస్తకం చదువుకుంటుంటే నేను పొయ్యి దగ్గర ఉడికి, కంచంలో పెట్టుకొచ్చి ముందర పెట్టాను. ఆ నెల కాలేజీ పరీక్షలో క్లాసుకంతా ఆమెకే ఎక్కువ మార్కులు వచ్చాయి.

"గిట్లనే ఇంకో నెల కూసుంటే పెద్ద డాక్టర్‌వే అయితవు" అన్నాను.

ఆమె నవ్వింది. నాకు ఇంకా ఒళ్ళు మండింది.

అయితే ఒక మాట చెప్పాలి. ఆమె చెప్పకపోతే నాకు తెలిసేది కాదు. చుక్కంత మరక. నేనేమైనా వెతికి చూస్తానా? అయినా ప్రతిసారీ వచ్చి చెప్పేది, పొయ్యి మీద కూర ఉన్నా సరే. ఒకనాడు నేనే ఉండబట్టలేక అడిగాను.

"గా కొంచానికి చెప్పుడెందుకు? చెప్పకుంటే ఎవలకెర్క?"

"చెప్త అని మొదట్లనే అన్న గద."

"అన్నవు గని, నీ సత్తెం నాకు మస్తు భారమైతుంది పిల్లా."

"రూలు మీదే గద, అత్తమ్మా."

అవును, నాదే.

సరే, మళ్ళీ కాయల దగ్గరికి వస్తాను. కోడలు "పోనియ్య" అన్నాక నేను కొడుక్కి ఫోన్ కలిపి స్పీకరు పెట్టాను. నా తరఫున ఒక మనిషి మాట్లాడితే బాగుంటుందనుకున్నాను.

"అమ్మా, తొక్కు లేకున్నా నాకు నడుస్తది" అన్నాడు వాడు.

"నడుస్తదా? కిందటేడు నెల తిరగకముందే జాడీ నాకి, మళ్లొచ్చి ఇంకో డబ్బా పట్టుకపోయినోనివి, నడుస్తదా?"

"గట్ల గాదమ్మా..."

"మరి ఎట్ల? నీ పెండ్లానికి చెప్పు, గోలి బంద్ పెట్టుమని."

వాడు గొంతు తగ్గించి, "అమ్మా, గది నేను చెప్ప. దాని సదువు ఆగిందే నా వల్ల గదనే. రేపు పొద్దుగాల మొదటి బస్సుకొస్త, కాయ కొట్టిస్త. కలిపేదెవలో మీరిద్దరు తేల్చుకోర్రి" అని పెట్టేశాడు. వాళ్ళ నాయిన బతికున్నప్పుడు ఇలాంటి సమయాల్లో చెప్పులు వేసుకొని బయటికి పోయేవాడు. వీడికి ఫోన్ ఉంది కాబట్టి చెప్పులు కూడా అక్కర్లేదు.

కోడలు చాప మడిచి లేచింది.

"పాండ్రి, అత్తమ్మా. డాక్టరమ్మ ఇంకా ఉంటది. మీరే అడుగుర్రి. నేను నోరు తెరవ. ఆమె పారెయ్యుమంటే మోరీల నేనే పారేస్త."

"మాట మీద ఉంటవా?"

"ఉంట. మీరు గూడ ఉండాలె."

నేను చీర మార్చుకున్నాను. పిల్లకు గౌను వేశాము. ముగ్గురం ఆటో ఎక్కి పక్కపక్కనే కూర్చున్నాము. ఆటోలో, బస్సులో, దవాఖానలో ముట్టు పాటించడం కుదరదు. ఆ మాత్రం వెసులుబాటు మా అత్త కూడా ఇచ్చేది. దారి పొడుగునా కోడలు చేతిలో సంచిని గట్టిగా పట్టుకొని కూర్చుంది. అందులో గోలీల పట్టీ ఉంది. ఆ సంచిని ఆమె పట్టుకున్న తీరు చూస్తే, లోపల పరీక్ష హాల్ టికెట్టు ఉన్నట్టుంది. ఆమెకు భయంగా ఉందని అప్పుడు అర్థమైంది. డాక్టరమ్మ "ఈ మందు పడలేదు, ఆపెయ్" అంటే మాట ప్రకారం ఆపాల్సిందే. అటు తర్వాత ఏమవుతుందో ఆమెకు ఒకసారి అనుభవమే.

డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. మాట కోస్తా మాట. మా ముందు ఇద్దరు గర్భిణులు, మా వెనక బెంచీ నిండా ఆడవాళ్ళు. మా వంతు రాగానే నేను సుత్తి లేకుండా అడిగాను.

"డాక్టరమ్మా, గిది ముట్టా, కాదా? గా ఒక్క ముచ్చట చెప్పు."

ఆమె నన్ను చూసింది, నా కోడలిని చూసింది, తర్వాత కోడలి చేతిని తన చేత్తో పట్టుకుంది.

"ముట్టుకోవచ్చమ్మా, ఏం ఫర్వాలేదు. ఇదేం అంటుకునే జబ్బు కాదు."

బెంచీ మీది ఆడవాళ్ళు ఒక్కసారిగా నవ్వారు. ఒక పెద్దామె, "అట్లగాదు మేడం, బయట కూసునేటిది" అంది.

"ఎక్కడ బయట?" అంది డాక్టరమ్మ. "కుర్చీ ఉంది కదా, ఇక్కడే కూర్చోండి."

"ముట్టు, ముట్టు! నెలనెలా అయ్యేది!" అని నేను గొంతు పెంచాను. మనవరాలు కూడా నాతో పాటు "ముట్టు, ముట్టు" అని చప్పట్లు కొట్టింది. కోడలు నోరు తెరవనని మాటిచ్చింది కదా, పెదవులు బిగబట్టి కిటికీ వైపు చూస్తోంది.

"ఓ, పీరియడ్సా!" అంది డాక్టరమ్మ. ఆమె కూడా నవ్వింది. ఆ తర్వాత నవ్వు ఆపి, పద్ధతిగా ఒక్కొక్కటీ అడిగింది. వాంతి ఎప్పుడవుతుంది, మరక ఎంత ఉంటుంది, తలనొప్పి తగ్గిందా, కాళ్ళలో నొప్పి గానీ వాపు గానీ ఉందా. కోడలు నోరు తెరవాల్సిన చోట నేనే చెప్పాను. వాంతి పొద్దున. మరక చుక్కంత. తలనొప్పి మందు మార్చాక లేదు. కాళ్ళు బాగానే ఉన్నాయి. ఆటో పోయిందని ఏడ్చిన సంగతి కూడా చెప్పాను. బీపీ చూసింది, బాగానే ఉందంది.

"మందు మార్చాం కదమ్మా. ఒళ్ళు కొత్త మందుకి అలవాటు పడాలి. మొదటి రెండు మూడు నెలలు ఇలా మధ్యలో మరకలు కనపడతాయి. వికారం, రొమ్ముల నొప్పి, చిరాకు కూడా అంతే. చాలామందికి వాటంతట అవే తగ్గిపోతాయి. తగ్గకపోతే రండి, ఇంకోటి చూద్దాం."

"నడుమ నాలుగు దినాలు బంద్ పెడితే? రేపు తొక్కు పెట్టాలె."

"తొక్కు కోసం మందు ఆపుతారా? వద్దమ్మా. ఇష్టమొచ్చినట్టు మధ్యలో ఆపితే బ్లీడింగ్ ఎక్కువవచ్చు, గర్భం కూడా రావచ్చు."

నేను కోడలి వైపు చూడలేదు. సంచి మీద ఆమె వేళ్ళు వదులైన సంగతి మాత్రం కనిపించింది.

"అయితే గీ మరక ముట్టు గాదన్నట్టు."

"కాదు. ఇది పీరియడ్ కాదు."

"నెల ఆఖర్ల ఒచ్చేదే ముట్టు."

అక్కడ ఆమె అవునని ఊరుకుంటే మేము నిమ్మళంగా ఇంటికి పోయేవాళ్ళం. ఆమె చదువుకున్న మనిషి, ఊరుకోలేదు.

"నిజానికి అది కూడా మామూలు పీరియడ్ కాదమ్మా. గోలీలకు విరామం ఇచ్చినప్పుడు, ఒంట్లో మందు తగ్గి, దానివల్ల వచ్చే రక్తం అది. ఈ గోలీలు వాడినన్నాళ్ళూ మామూలు పీరియడ్ అంటూ రాదు."

బెంచీ మీది పెద్దామె "గట్లనా!" అంది. కోడలు కిటికీ వైపే చూస్తోంది గానీ భుజాలు కదులుతున్నాయి.

ఆ గోలిని పొద్దున పరగడుపున చాయ్‌తో వేసుకుంటోందని తెలిసి డాక్టరమ్మ కోడలిని కోప్పడింది. రాత్రి అన్నం తిన్నాక వేసుకోమని, రోజూ ఒకే సమయానికి వేసుకోమని, పొద్దుటి నుంచి రాత్రికి ఎలా మార్చుకోవాలో కూడా చెప్పింది. రక్తం బాగా పోయినా, తలనొప్పి విపరీతంగా వచ్చినా, కళ్ళు మసకబారినా, కాలు వాచినా, ఛాతీలో నొప్పి వచ్చినా ఆగకుండా రమ్మంది. వెళ్ళేటప్పుడు నాతో, "తొక్కు కొంచెం మాకూ తెండి" అంది. తెస్తానని నేను మాట ఇవ్వలేదు.

తిరుగు ఆటోలో కోడలు నోరు తెరిచింది.

"అత్తమ్మా."

"ఏంది."

"నేనేం మాట్లాడలే గద."

"ఇంక గూడ మాట్లాడకు."

"ఒక్కటే మాట. డాక్టరమ్మ చెప్పినట్టయితే నాకు గోలీలు మొదలువెట్టినకాన్నుంచి ముట్టే లేదు."

నేను కూడా అదే ఆలోచిస్తున్నాను. ఇన్ని నెలలుగా నెలకు నాలుగు దినాలు నేనొక్కదాన్నే వండిన వంట, తోమిన గిన్నెలు, పిండిన బట్టలు అన్నీ కళ్ళ ముందు తిరిగాయి. ఊరికే పోయిన కష్టం. పైసలు పోయినా ఇంత బాధ ఉండదు. కానీ ఆ సంగతి ఆమె ముందు ఒప్పుకుంటానా?

"నెల ఆఖర్ది నేనొప్ప. అది ముట్టే. డాక్టరమ్మకు రక్తమెర్క, ముట్టు నాకెర్క."

"మరి నడిమిట్లది?"

ఆటో గుంతలో పడి లేచింది. నేను పిల్లను ఒళ్ళోకి సర్దుకున్నాను. నడిమిట్లది కూడా ముట్టేనంటే కాయలు మెత్తబడతాయి. కాయలు దక్కాలంటే గోలి ఆపమనాలి. గోలి ఆపమంటే ఈ పిల్ల చదువు మళ్ళీ ఆగుతుంది, కట్టిన ఫీజు పోతుంది, ఆ సంచిని అలా పట్టుకొని ఆమె ఇంకెక్కడికీ పోదు.

"నడిమిట్లది గోలి మరక" అన్నాను. "గోలి మరకకు చాప అక్కర్లేదు."

"కొత్త రూలా?"

"ఇప్పుడే పెట్టిన."

"తొక్కుకు గూడనా?"

"రూలంటే రూలే. ఒక్కొక్కదానికి ఒక్కోటి పెడితె నాకు యాదుంటదా?"

ముందు కూర్చున్న ఆటో పిల్లగాడు అద్దంలో నుంచి మమ్మల్ని చూస్తున్నాడు. "రోడ్డు సూసి నడుపు" అన్నాను.

ఆ సాయంత్రం చాప మడిచి గోడకు ఆనించి పెట్టాము. ఆమె వంటింట్లోకి వచ్చి ఆవాలు, మెంతులు వేయించింది. అవి చల్లారే లోపల ఎల్లిగడ్డ పొట్టు తీసింది. నేను గడప దగ్గరే నిలబడి చూశాను. మా అత్త ఫోటో వంటింట్లో లేదు, ముందరి గదిలో ఉంది. అది నయమనుకున్నాను.

మరునాడు పొద్దున నా కొడుకు మొదటి బస్సుకు దిగాడు. కాయలు గోనెలో వేసుకొని మార్కెట్టుకు పోయి కొట్టించుకొని వచ్చాడు. ముక్కల్ని పాత ధోవతి మీద పరిచి ముగ్గురం తుడిచాము. నేను జీడి తీస్తుంటే కోడలు స్నానం చేసి వచ్చి నిలబడింది.

"అత్తమ్మా, ఇయ్యాల గూడ ఉంది."

"ఏది?"

"గోలి మరక."

"చేతులు ఆరినయా? తడి చేత్తో కలిపితే బూజొస్తది."

ఆరాయని చేతులు చూపించింది. పెద్ద గిన్నె ముందు పీట వేసుకొని కూర్చుంది. నేను ఉప్పు, కారం, ఆవపిండి, మెంతిపిండి, నూరిన అల్లం ఎల్లిగడ్డ వేస్తుంటే ఆమె కలిపింది. ఎల్లిగడ్డ ఘాటుకు ఒకసారి లేచి వాకిట్లోకి ఉరికి ఓకరించి వచ్చింది. నా కొడుకు నీళ్ళిచ్చాడు. ముక్కుకు రుమాలు కట్టుకొని మళ్ళీ కూర్చొని కలిపింది. కాచి చల్లార్చిన నూనె పోశాము. మూడు జాడీలు నిండాయి.

కోడలు గిన్నెలో చేయి పెట్టకముందే నేను కొన్ని ముక్కలు విడిగా తీసి ఉంచాను. వాటికి నా ఎడమ చేత్తో ఉప్పు కారం పట్టించి, చిన్న సీసాలో వేసి, అలమార మూలకు పెట్టాను.

"గదేంది, అత్తమ్మా?" అంది కోడలు.

"ఏం లేదు. ముక్కలు మిగిలినయి."

ఆమె సీసాను చూసింది, నన్ను చూసింది. మూడు జాడీల మూతులకు బట్ట కట్టింది. నా సీసాకు కూడా తనే బట్ట కట్టి, సబ్బుతో చేతులు కడుక్కొని, పుస్తకం తీసుకొని ముందరి గదిలోకి పోయింది.